లేస్తే తలనొప్పి, సీటీ నార్మల్: కాంట్రాస్ట్ ఎమ్మారై అవసరమా?

కర్నూలు వాసి:
మా వదినకు ఆరు వారాలుగా తలనొప్పి. లేచి నిలబడిన పావుగంటకే మెడ వెనుక మొదలై తలంతా పాకుతుంది, పడుకుంటే తగ్గుతుంది. సీటీలో ఏమీ లేదన్నారు, మైగ్రేన్ మాత్రలు ఇచ్చారు. ఇప్పుడు ఇంకో వైద్యుడు మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం వెన్నులో కారుతోందేమో, కాంట్రాస్ట్‌తో (సిరలోకి మందు ఎక్కించి) ఎమ్మారై తీయాలన్నారు. మా అన్నయ్య ‘ఒక స్కాన్ అయింది కదా’ అంటున్నాడు. తీయించాలా?

ఆదోని అక్క:
తొందరపడకండి. మా అమ్మాయికి సిజేరియన్‌లో వెన్ను సూది తర్వాత అచ్చం ఇలాంటి నొప్పే వచ్చింది. పడక, నీళ్లు, కాఫీతో వారంలో పోయింది. ఊరికే ఖర్చు ఎందుకు?

రేడియాలజీ విద్యార్థి:
అక్కా, అక్కడ సూది గుచ్చిన చోటు తెలుసు, చాలామందికి అది దానంతటదే మూసుకుంటుంది. ఇక్కడ కారణం తెలియదు, ఆరు వారాలైంది. పోలిక కుదరదు.

పుర్రె పెరగదు, తరగదు. లోపల ద్రవం తగ్గితే ఆ చోటును రక్తం నింపుతుంది. సిరలు ఉబ్బుతాయి, మెదడు పై పొర కాంట్రాస్ట్‌ను పీల్చుకుని చుట్టూ తెల్లని గీతలా మెరుస్తుంది. ఆ మెరుపు కాంట్రాస్ట్ లేని సీటీలో కనబడదు. మెదడు కిందికి జారడం ఎమ్మారైలోనే స్పష్టం. ఆ జారుడును పుట్టుకతోనే మెదడు అడుగు భాగం కిందికి దిగి ఉండే కియారీ లోపంగా పొరబడి ఆపరేషన్ దాకా వెళ్లిన వారున్నారు, నన్ను భయపెట్టేది అదే. కిడ్నీల రక్తపరీక్ష చూసి కాంట్రాస్ట్ ఇస్తారు.

ఆదోని అక్క:
సరే, అదీ నార్మల్ వస్తే? నేరుగా నడుములో సూది వేసి ఆ ద్రవం ఒత్తిడి కొలిస్తే తేలదా?

రేడియాలజీ విద్యార్థి:
తేలదు. కారుతున్న వారిలో కూడా దాదాపు మూడోవంతు మందికి ఒత్తిడి మామూలుగానే ఉంటుంది, పైగా ఆ సూదితో వెన్ను పొరకు ఇంకో రంధ్రం. మెదడు ఎమ్మారై సైతం ఐదుగురిలో ఒకరికి నార్మల్‌గా రావచ్చు. అప్పుడు వెన్నుపూస మొత్తానికి ఎమ్మారై తీసి వెతకాలి. కొందరు వైద్యులు లీకు దొరక్కపోయినా రోగి రక్తమే తీసి వెన్ను పొర బయట ఎక్కిస్తారు, బ్లడ్ ప్యాచ్ అంటారు. అది తప్పు కాదు. కానీ మెదడు చుట్టూ రక్తం చేరిందేమో చూడకుండా కాఫీతో నెట్టుకురావడం నాకు సమ్మతం కాదు.

కర్నూలు వాసి:
అన్నయ్యకు ఇదంతా చదివి వినిపించాను. సోమవారం తీయిస్తున్నాం.

రేడియాలజీ విద్యార్థి:
చీటీలో ‘తలనొప్పి’ అని వదిలేయకుండా ‘నిలబడితే ఎక్కువ, పడుకుంటే తక్కువ’ అని వైద్యుడిచేత రాయించండి. ఏం వెతకాలో చూసేవారికి తెలియాలి.