అప్‌డేట్: మెత్తబడ్డ బ్రేక్ పెడల్ మళ్లీ గట్టిపడింది
స్పోర్ట్స్ కారుకి కొత్త ప్యాడ్లు వేశాక కూడా, నాలుగుసార్లు గట్టిగా బ్రేక్ కొడితే పెడల్ స్పాంజిలా దిగిపోతోందని అడిగాను కదా. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఫ్లూయిడ్‌ను చక్రాల వైపు నెట్టే భాగం) పోయిందేమోనని ఒకటే టెన్షన్. "ముందు ఫ్లూయిడ్ చూడండి" అన్నవాళ్లదే నిజమైంది. మూత తీస్తే లోపల నల్లగా ఉంది. అది తేమను పీల్చుకుంటుందట; డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 మాత్రమే. గట్టిగా బ్రేక్ కొట్టిన వేడికి అది మరిగి ఆవిరి బుడగలు చేరితే పెడల్ మెత్తబడుతుంది.

తమ్ముడు పెడల్ తొక్కుతుంటే నేను బ్లీడ్ నిపుల్ (చక్రం దగ్గర ఫ్లూయిడ్ బయటికి వదిలే చిన్న స్క్రూ) విప్పుతూ, బిగిస్తూ నాలుగు చక్రాలకీ పాతదంతా తీసేశాను. నిపుల్‌కి తగిలించిన గొట్టంలో బుడగలు వరసగా రావడం చూస్తే భలే తృప్తి! వాడు ఓసారి నేను బిగించకముందే కాలు తీసేశాడు, గాలి లోపలికి పోయింది, ఆ చక్రం మళ్లీ మొదటి నుంచి. ఫెండర్ మీద పడ్డ చుక్కల్ని వెంటనే నీళ్లతో కడిగాను, పెయింట్ బతికింది.

పెడల్ ఇప్పుడు రాయిలా ఉంది. స్టీల్ అల్లిక ఉన్న బ్రేక్ గొట్టాలు తర్వాత చూద్దాం.