పవర్డ్ స్టేప్లర్ ట్రయల్‌కి ఇచ్చారు, 20 కేసుల్లో అసలు ఏం చూడాలి?

రైట్‌హెమీ:
మాది జిల్లా కేంద్రంలో టీచింగ్ హాస్పిటల్. పోయిన వారం ఒక కంపెనీ వాళ్లు ఆపరేషన్‌లో పేగుని పిన్నులతో అతికే, బ్యాటరీతో నడిచే (పవర్డ్) స్టేప్లర్ పట్టుకొచ్చి ఫోమ్ ముక్క మీద డెమో ఇచ్చారు. బటన్ నొక్కగానే జుయ్యిమంటూ కుట్టి, కోసి, వెనక్కొచ్చేసింది, పీజీలంతా ఫోన్లు తీసి వీడియోలు. 20 కేసులకి ఫ్రీగా ఇస్తారట. మా సూపరింటెండెంట్ గారు నన్ను పిలిచి "వాడి చూసి, కొనాలో వద్దో ఒక పేజీ రాసివ్వవయ్యా" అన్నారు. ఫారమ్ కూడా కంపెనీ వాళ్లదే. మొదటి గడి "లీక్ (పేగు అతుకు కారడం) అయిందా లేదా", రెండోది "సర్జన్ సంతృప్తి, పదికి ఎన్ని మార్కులు". ఇన్నేళ్లుగా చేత్తో నొక్కే స్టేప్లర్లే వాడుతున్నాను, పెద్దగా ఇబ్బంది పడింది లేదు. 20 కేసుల్లో ఒక్క లీకూ రాకపోతే ఇది మంచిదని రాసేయొచ్చా? రాసేస్తే రేపు ఎవరైనా అడిగితే నిలబడుతుందా?

డోనట్‌చూశారా:
నిలబడదు. ఆ మొదటి గడి కొట్టేయండి సర్. 20కి 20 బాగున్నా అసలు లీక్ రేటు 14 శాతం దాకా ఉండే అవకాశాన్ని లెక్క ప్రకారం మీరు తోసిపుచ్చలేరు. లీక్ 8 నుంచి 5 శాతానికి తగ్గిందని నిరూపించాలంటే ఒక్కో గ్రూపులో వెయ్యి మందికి పైగా కావాలి. మనలో ఎవరి యూనిట్‌లో అయ్యే పని అది?

పైగా లీక్ అనేది ఒక్క స్టేప్లర్ చేతిలో ఉందా ఏంటి. రక్త ప్రసరణ, అతుకు మీద టెన్షన్, మలద్వారానికి ఎంత దగ్గర, పేషెంట్ అల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్), స్టెరాయిడ్లు, సిగరెట్లు, ఇవన్నీ కలిసి ఆడే ఆట. అసలు చేతికుట్టా స్టేప్లరా అన్న పాత పేచీయే ఇంకా తేలలేదు. రైట్ హెమీలో, అంటే పెద్దపేగు కుడి భాగం తీసేసే ఆపరేషన్‌లో, అతుక్కి స్టేప్లరే మేలని 2011లో వైద్య పరిశోధనల్ని సమీక్షించే కాక్రేన్ వాళ్లు ఏడు ట్రయల్స్ కలిపి చెప్పారు. తర్వాత యూరోపియన్ కోలోప్రాక్టాలజీ (పెద్దపేగు, మలద్వార వైద్యం) సొసైటీ 2015లో 3,208 మంది పేషెంట్లతో ఆడిట్ చేస్తే మొత్తం లీక్ 8.1 శాతం వచ్చింది, అందులో స్టేప్లర్ వైపే ఎక్కువ. రెండూ చదివి నేను చాలా రోజులు బుర్ర గోక్కున్నాను.

కంపెనీ వాళ్లు పవర్డ్ సర్క్యులర్ (గుండ్రంగా కుట్టే రకం) మీద పేపర్లు చూపిస్తారు, చదవండి, కానీ పోల్చింది ఎవరితోనో చూడండి. పాత పేషెంట్ల రికార్డులు ఒకవైపు, కొత్త పరికరం వాడినవాళ్లు ఇంకోవైపు పెడితే, మధ్యలో ఐసీజీ (పేగుకి రక్తం అందుతోందా చూపించే రంగు మందు) వచ్చి ఉండొచ్చు, సర్జన్ చెయ్యి తిరిగి ఉండొచ్చు. డబ్బు ఎవరిచ్చారో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ చదవండి.

గ్లవ్స్‌ఆరు:
లీక్ సంగతి సర్ చెప్పినట్టే. కానీ ఈ మెషిన్‌ని అంత తేలిగ్గా తీసేయకండి. నా గ్లవ్ సైజు ఆరు. లో యాంటీరియర్‌లో (పురీషనాళం భాగం తీసి కింద అతికే ఆపరేషన్) సర్క్యులర్ హ్యాండిల్ పూర్తిగా నొక్కాలంటే నాకు రెండు చేతులూ కావాలి, ఆ బలానికి లోపల పెల్విస్‌లో మొన ఎంత కదులుతుందో స్క్రీన్ మీద చూస్తే గుండె జారుతుంది. పీజీగా ఉన్నప్పుడు "గట్టిగా నొక్కమ్మా" అని అందరి ముందూ అనిపించుకున్నాను. బటన్‌తో ఆ బాధ లేదు. కాబట్టి సంతృప్తికి మార్కులు తీసేసి, ఫైర్ చేసేటప్పుడు (పిన్నులు దించేటప్పుడు) మొన కదిలిందా లేదా అని అసిస్టెంట్‌తో ప్రతి కేసులో రాయించండి. వీడియో ఉంటే ఇంకా మంచిది. చిన్న చేతులవాళ్లతో కూడా వాడించండి, పెద్ద చేతులవాళ్లే వాడి "తేడా ఏం లేదు" అని రాసేస్తే ఎలా.

ఒక హెచ్చరిక కూడా. చేత్తో నొక్కినప్పుడు కణజాలం మందంగా ఉంటే చేతికి తెలుస్తుంది, ఆగుతాం, ఆలోచిస్తాం. మోటారుకి ఆ మొహమాటం లేదు. మందాన్ని బట్టి వేగం తగ్గించుకునే మోడల్స్ ఉన్నాయి నిజమే, కానీ బ్లూ కార్ట్రిడ్జ్ (పిన్నుల పెట్టె, రంగును బట్టి పిన్ను ఎత్తు) పెట్టాల్సిన చోట ఇంకా పొట్టి పిన్నుల వైట్ పెడితే ఏ బ్యాటరీ కాపాడదు. బ్లూ పిన్ను మూసుకున్నాక దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్, గ్రీన్ రెండు. వాచిపోయిన పేగుకి ఏది పెట్టాలో మనమే తేల్చుకోవాలి. బిగించాక 15 సెకన్లు ఆగడం కూడా బటన్ ఉంది కదా అని జనం మర్చిపోతారు.

ఓటీసిస్టర్:
నమస్తే సర్, నేను థియేటర్ ఇన్‌చార్జ్‌ని. డాక్టర్లు అడగనివి కొన్ని. ట్రయల్ కేసుల్లో కంపెనీ అబ్బాయి పక్కనే నిలబడి అన్నీ అందిస్తాడు కాబట్టి అంతా సాఫీగా జరుగుతుంది. రాత్రి రెండింటికి సిగ్మాయిడ్ వాల్వులస్ (పెద్దపేగు మెలిపడిన ఎమర్జెన్సీ) వస్తే అతను ఉంటాడా? అందుకే చివరి పది కేసులు అతన్ని లోపలికి రానివ్వకుండా చేయండి. మధ్యలో మోటారు ఆగిపోతే బ్లేడుని వెనక్కి తేవడానికి చేత్తో తిప్పే ఏర్పాటు ఉందా, ఉంటే మా అమ్మాయిల్లో ఎంతమందికి వచ్చు, అది ముందే ఫోమ్ మీద చేయించండి. ఒకసారి మా దగ్గర పేగు మీద స్టేప్లర్ దవడలు బిగుసుకుపోయి తెరుచుకోలేదు, ఆ పది నిమిషాలు ఎవ్వరం ఊపిరి పీల్చలేదు. ఇంకొకటి, ఒక్కసారి వాడి పారేసే రకమైతే బ్యాటరీ తీసి విడిగా పెట్టాలి, పసుపు కవర్లో వేస్తే అది కాల్చడానికి పోతుంది. పాత రీలోడ్లు (పిన్నుల కార్ట్రిడ్జ్‌లు) దీనికి పట్టకపోతే స్టాకంతా వృథా, అదీ అడగండి.

బయోమెడ్_వరంగల్:
సిస్టర్ గారు నా పని సగం చేసేశారు. స్టేప్లర్లు మొరాయించడం చిన్న విషయం కాదు. 2011 జనవరి నుంచి 2018 మార్చి దాకా అమెరికా ఎఫ్‌డీఏకి (మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ) 41 వేలకు పైగా రిపోర్టులు అందాయి, అందులో 366 మరణాలు. 2021లో ఈ పరికరాలను క్లాస్ టూకి (ఎక్కువ నియంత్రణ ఉండే వర్గానికి) మార్చి నియమాలు బిగించారు. మన దగ్గర మెటీరియోవిజిలెన్స్ (వైద్య పరికరాల లోపాలు రిపోర్ట్ చేసే) ప్రోగ్రామ్ 2015 నుంచే ఉంది, కానీ మిస్‌ఫైర్ అయితే రిప్లేస్‌మెంట్ పీస్ తీసుకుని ఊరుకుంటాం, రిపోర్ట్ ఎవరూ రాయరు. ట్రయల్‌లో ఏది సరిగ్గా పని చేయకపోయినా ఆ పీస్ కంపెనీకి ఇచ్చేయకుండా లాట్ నంబర్ రాసి, ఫోటో తీసి, రిపోర్ట్ పంపండి. ఖర్చు అడిగితే హ్యాండిల్ ధర చెప్తారు, మీరు ఒక్క కేసుకి హ్యాండిల్, రీలోడ్లు, బ్యాటరీ, చార్జర్ అన్నీ కలిపి రాయించుకోండి. ప్రభుత్వ ఆరోగ్య స్కీమ్ కేసుల్లో ప్యాకేజీ ముందే ఖాయం కదా, మిగతాది ఎవరి జేబులోంచి?

రైట్‌హెమీ:
అందరికీ థాంక్స్. వాళ్ల ఫారమ్ పక్కన పడేసి నాది నేనే గీశాను. మొన కదలిక, పిన్నుల వరస, డోనట్లు (సర్క్యులర్ కోసిన పేగు రింగులు) రెండూ పూర్తిగా వచ్చాయా, గాలి పరీక్ష (అతుకులోంచి గాలి వస్తుందా), మధ్యలో ఆగడం, వాడినవాళ్ల గ్లవ్ సైజు, కేసు మొత్తం ఖర్చు. లీక్ అయితే ఎలాగూ రాస్తాను, కానీ దాన్ని బట్టి తీర్పు చెప్పను. చివరి పది కేసులకి మీరు బయటే ఉండాలి అంటే రెప్ మొహం మాడిపోయింది, మేనేజర్‌ని అడిగి చెప్తానన్నాడు. మూడు రోజులైంది, ఇంకా ఫోన్ లేదు.