ఆడమ్ గుడ్స్ మీద ఆ అరుపులు ఆట నచ్చకా, మనిషి నచ్చకా?

హంసల పక్షం:
నిన్న మా ఇంట్లో భోజనాల దగ్గర మొదలైన గొడవ ఇది. ఆస్ట్రేలియా ఆదివాసీ అయిన ఆడమ్ గుడ్స్ ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ (ఫుటీ)లో సిడ్నీ స్వాన్స్ జట్టు తరఫున 372 మ్యాచ్‌లు ఆడాడు. సీజన్‌లో మేటి ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్‌ని 2003లో, 2006లో గెలిచాడు. 2012 గ్రాండ్ ఫైనల్లో మోకాలి లిగమెంట్ దెబ్బతిన్నా మైదానం వదలకుండా చివరి క్వార్టర్‌లో గోల్ కొట్టాడు. అలాంటివాడు 2015లో బంతి ముట్టుకుంటే చాలు, స్టేడియాలు బూ అని హోరెత్తాయి. అది జాత్యహంకారమే అంటాను. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

పెర్త్ బాబాయ్:
కాదమ్మా. ఫ్రీ కిక్ కోసం తగలకుండానే పడిపోతాడని అతని మీద చాలామందికి కోపం. అదే జట్టులో బడ్డీ ఫ్రాంక్లిన్ కూడా ఆదివాసీయే, అతన్ని అలా వెంటాడలేదే? పైగా గుడ్స్ 13 ఏళ్ళ పిల్లని వేలెత్తి చూపించి బయటికి పంపించేశాడు. పెద్దమనిషి చేసే పనేనా అది?

ఫుటీ పిచ్చి:
2003 బ్రౌన్‌లో మెడల్ ముగ్గురికి కలిపి ఇచ్చారు. బక్లీ, రిచూటో కూడా ఉన్నారు.

హంసల పక్షం:
బాబాయ్ గారూ, 2013 మేలో మెల్‌బోర్న్ స్టేడియం ఎంసీజీలో జరిగింది పూర్తిగా చెప్పండి. ఆదివాసీ ఆటగాళ్ళ గౌరవార్థం జరిపే రౌండ్ అది. బౌండరీ దగ్గర ఆ పిల్ల గుడ్స్‌ని 'ఏప్' (తోకలేని కోతి) అని అరిచింది. పంపించింది సెక్యూరిటీవాళ్ళు. మర్నాడు ఇతనే మీడియా ముందుకొచ్చి తప్పు ఆ పిల్లది కాదు, ఆమెకు అండగా ఉండండి అన్నాడు. కొద్ది రోజులకే కాలింగ్‌వుడ్ క్లబ్ అప్పటి అధ్యక్షుడు ఎడీ మెగ్వైర్ రేడియోలో కింగ్ కాంగ్ అనే రాక్షస కోతి షో ప్రచారానికి గుడ్స్ పేరు ముడిపెట్టాడు. ఆయనకేం పదమూడేళ్ళు కాదు కదా! గుడ్స్ 1999 నుంచి ఆడుతూ వచ్చాడు. పడిపోయే అలవాటు అన్నేళ్ళ తర్వాతే కనిపించిందా?

పెర్త్ బాబాయ్:
ఎన్ని చెప్పినా పిల్ల పిల్లే.

కొత్తగా వచ్చా:
గుడ్స్ ఏదో డాన్స్ చేశాడని గొడవైందట, ఏంటండీ అది?

హంసల పక్షం:
2015 మేలో కార్ల్‌టన్ జట్టు మీద గోల్ కొట్టాక వాళ్ళ అభిమానుల వైపు తిరిగి ఆదివాసీ యుద్ధ నృత్యం చేశాడు. ఈటె విసిరినట్టు చెయ్యి చాచాడు, అంతే, చేతిలో ఏమీ లేదు. అండర్-16 ఆదివాసీ కుర్రాళ్ళ జట్టు నుంచి నేర్చుకున్నది. దాన్ని బెదిరింపు అన్నారు. అరుపులు ఇంకా పెరిగాయి.

పెర్త్ బాబాయ్:
కావాలని రెచ్చగొట్టడం కాదా అది? 2014లో ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్ ఇచ్చి నెత్తిన పెట్టుకుంది ఈ దేశం. ఇంకా ఏం కావాలి? నా పాత ఆఫీసులో మేనేజర్ నా పేరును రోజూ వంకరగా పిలిచేవాడు. పళ్ళు బిగించి పని చేశాను. తర్వాత ప్రమోషన్ వచ్చింది. వేలెత్తి చూపించి ఉంటే ఉద్యోగమే ఉండేది కాదు. పొట్టకూటికి వచ్చినవాళ్ళం, సర్దుకుపోవాలి.

హంసల పక్షం:
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. ఫ్రీ కిక్కూ కాదు, ఆ పిల్లా కాదు. నోరు విప్పడమే మీకు తప్పు. ఫ్రాంక్లిన్ ఉదాహరణ నా వాదననే బలపరుస్తోంది: నోరు విప్పినవాడినే వెంటాడారు. పొట్టకూటికి వచ్చింది మీరూ నేనూ. గుడ్స్ ఎక్కడికీ రాలేదు! అడ్న్యమతన్హ, నరంగ ప్రజల బిడ్డ. సొంత నేల మీద ఎవరికి సర్దుకుపోవాలి? మీరు ఓర్చుకున్నది మీ ఇష్టం. అందరూ ఓర్చుకోవాలని తీర్పు చెప్పకండి.

ఫుటీ పిచ్చి:
ఇద్దరూ కాస్త తగ్గండి.

పెర్త్ బాబాయ్:
తగ్గను. నన్ను పిరికివాడంటోంది. అమ్మా, మా పాప స్కూల్లో తన ఒంటి రంగు గురించి ఏదో అన్నారని ఏడుస్తూ వచ్చింది. టీచర్‌కి చెప్పొద్దన్నాను. ఎందుకో తెలుసా? 2015 జులైలో ఇక్కడే, సుబియాకో స్టేడియంలో వెస్ట్ కోస్ట్ జట్టుతో స్వాన్స్ మ్యాచ్ చూశాను. నా చుట్టుపక్కల అందరూ గుడ్స్ మీద అరుస్తున్నారు. తోటి ఆటగాడు లూయిస్ జెట్టా గోల్ కొట్టి, అతనికి మద్దతుగా డాన్స్ చేశాడు. అయినా ఆ తర్వాతి మ్యాచ్‌కి గుడ్స్ రాలేకపోయాడు. రెండు బ్రౌన్‌లో మెడల్స్ ఉన్నవాడినే అలా చేస్తే, మా పాప వెనక ఎవరు నిలబడతారు?

హంసల పక్షం:
మిమ్మల్ని పిరికివాడని నేను అనలేదు. కానీ ఆ అరుపులు ఆట గురించే అయితే, పాపను ఆపడానికి వాటినెందుకు గుర్తు చేసుకున్నారు? అవేంటో మీకూ తెలుసు.

కొత్తగా వచ్చా:
తర్వాత ఏమైంది అతనికి?

ఫుటీ పిచ్చి:
మళ్ళీ వచ్చి ఆడాడు. ఆ సెప్టెంబర్‌లో నార్త్ మెల్‌బోర్న్ చేతిలో ఓడిన రోజే రిటైరయ్యాడు. గ్రాండ్ ఫైనల్ రోజు రిటైరైనవాళ్ళకిచ్చే వీడ్కోలుకు కూడా రాలేదు. 2019లో లీగ్ నడిపే సంస్థ ఏఎఫ్ఎల్, 18 క్లబ్బులూ క్షమాపణ చెప్పాయి. 2021లో హాల్ ఆఫ్ ఫేమ్ ఇస్తామంటే వద్దన్నాడు.

పెర్త్ బాబాయ్:
క్షమాపణకు నాలుగేళ్ళు పట్టింది. నేను చెప్పేదీ అదే.

హంసల పక్షం:
అప్పుడే పక్కవాళ్ళు నోరు విప్పి ఉంటే నాలుగేళ్ళు పట్టేది కాదు. ఆ రోజు మీ పక్కన అరిచినవాళ్ళకి మీరేమన్నా చెప్పారా?