హల్లాసాన్ వాలుల్లో 1948 ఆనవాళ్లు ఎలా గుర్తుపట్టాలి?

ప్రశ్న: కొరియాలోని జెజూ దీవికి, దాని మధ్యనున్న హల్లాసాన్ పర్వతానికి వెళ్తున్నాం. 1948లో తిరుగుబాటును అణచడానికి సైన్యం తగలబెట్టిన కొండ ఊళ్ల జాడ ఇంకా కనిపిస్తుందా?

జవాబు 1: కనిపిస్తుందండి, వెదురు చూడండి. ఇళ్ల వెనక పెంచుకున్న వెదురే ఇప్పుడు పొదలై మిగిలింది. పక్కనే నల్లరాతి గోడల మొదళ్లుంటే అక్కడ ఊరున్నట్టే. 1948 అక్టోబరులో, తీరానికి 5 కిలోమీటర్లు దాటి లోపల కనిపించినవాళ్లను కాల్చేస్తామని సైన్యం ప్రకటించింది. నవంబరు నుంచి ఊళ్లు తగలబడ్డాయి. అయితే వెదురు ఒక్కటే చూసి తేల్చేయకండి, గోడలూ శిలాఫలకమూ సరిచూసుకోండి.

జవాబు 2: గుహల సంగతీ చెప్పాలి. దరాంగ్‌షీ గుహలో దాక్కున్నవాళ్లను ద్వారం దగ్గర మంటపెట్టి పొగతో చంపారు. 1992లో ఒక పిల్లాడితో సహా 11 మంది అవశేషాలు బయటపడ్డాయి. అధికారులు వాటిని దహనం చేయించి బూడిద సముద్రంలో కలిపించారు, గుహ మూసేశారు. సమాధి కూడా దక్కనివ్వకపోవడం నా దృష్టిలో రెండో అన్యాయం. లోపలికి వెళ్లలేరు, బయట ఫలకం చదవండి.

జవాబు 3: ముందు 4.3 శాంతి ఉద్యానం చూడండి. 4.3 అంటే ఏప్రిల్ 3, 1948లో ఆ తిరుగుబాటు మొదలైన రోజు. అక్కడ పడుకోబెట్టిన తెల్లరాయి మీద ఒక్క అక్షరమూ ఉండదు. ఆ ఘటనకు సరైన పేరు ఇంకా కుదరలేదని అలాగే వదిలారు. మృతులు 25,000 నుంచి 30,000 అని ప్రభుత్వ నివేదిక అంచనా. హల్లాసాన్ మీదికి వెళ్లకూడదన్న నిషేధం 1954 సెప్టెంబరు దాకా తొలగలేదు.