చీటీలు చూసి డైలాగ్ చెప్పిన బ్రాండోని మహానటుడు అనొచ్చా?

నేలటిక్కెట్టు:
ఈ ప్రశ్నకి కొందరికి కోపం వస్తుందని తెలిసే వేస్తున్నాను. గాడ్‌ఫాదర్ షూటింగులో తీసిన ఫొటో ఒకటి ఎప్పటినుంచో నెట్‌లో తిరుగుతోంది. రాబర్ట్ డువాల్ తన ఛాతీకి ఒక అట్ట ఆనించుకుని నిలబడి ఉంటాడు. దాని మీద డైలాగులు. ఎదురుగా డాన్ కార్లియోన్ వేషంలో మార్లన్ బ్రాండో. అంటే ప్రపంచమంతా నెత్తిన పెట్టుకున్న ఆ పాత్ర మాటలు ఆయనకి నోటికి రావన్నమాట.

అదొక్కటే అయితే పోనీలే అనుకోవచ్చు. లాస్ట్ టాంగో ఇన్ పారిస్‌కి సెట్టులో అక్కడా ఇక్కడా చీటీలు పెట్టించుకున్నాడు. 1978లో వచ్చిన సూపర్‌మ్యాన్‌లో పసిబిడ్డతో ఉన్న సీనుకి, డైలాగు ఆ బిడ్డ డైపర్ మీద రాయమన్నాడని చెబుతారు. ఆ సినిమాలో ఆయన తెర మీద కనిపించేది ఇరవై నిమిషాలు కూడా ఉండదు. తీసుకున్నది 37 లక్షల డాలర్లు, పైగా వసూళ్ళలో వాటా. టైటిల్స్‌లో హీరో క్రిస్టఫర్ రీవ్ కంటే ముందు ఆయన పేరే.

మన దగ్గర ఫలానా హీరోయిన్ "వన్ టూ త్రీ ఫోర్" అంటూ పెదాలు కదిపిందని గాలివార్త వస్తే చాలు, వారం రోజులు మీమ్స్ వేస్తాం. బ్రాండో చేస్తే మాత్రం అది మేధావితనం. ఎందుకని?

సైడ్‌వింగ్:
నూటికి నూరుపాళ్ళు మీ మాటే నాది. నేను పరిషత్తు నాటకాల మనిషిని. మా దగ్గర తెర వెనక నుంచి అందించే మాట ముందు వరసకి వినిపించిందంటే న్యాయనిర్ణేతల మొహాలు మారిపోతాయి. పాఠం కంఠతా రావడం నటనలో గొప్పతనం కాదు, కనీస అర్హత. అది లేకుండా మిగతావన్నీ ఎందుకు?

అయినా నాకు చీటీల కంటే కోపం తెప్పించేది ఇంకోటి ఉంది. 1954 ఆన్ ది వాటర్‌ఫ్రంట్‌లో టాక్సీ సీను. అన్నదమ్ములిద్దరూ కారు వెనక సీట్లో కూర్చుని మాట్లాడుకునేది. ఆ సీను గురించి చెప్పేవాళ్ళు బ్రాండో పేరే చెబుతారు. పక్కన కూర్చున్న రాడ్ స్టైగర్ సంగతేమిటి? బ్రాండో క్లోజప్పులు తీస్తున్నంతసేపూ స్టైగర్ కెమెరా పక్కన ఉండి బదులు చెప్పాడు. తన వంతు అయిపోగానే బ్రాండో, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాలంటూ లేచి వెళ్ళిపోయాడు. స్టైగర్ తన క్లోజప్పులు ఆయన లేకుండానే చేసుకోవాల్సి వచ్చింది. ఆ మంట ఆయనకి ఏళ్ళ తరబడి చల్లారలేదు. తోటి నటుడికి ఎదురుగా నిలబడి మాట అందించలేనివాడు మహానటుడా?

పాతరీలు:
సైడ్‌వింగ్ గారూ, స్టైగర్ విషయంలో మీతో వాదించను. కానీ "కంఠతా రాదు" అన్నది మాత్రం ఒప్పుకోలేను. రాకపోవడం వేరు, వద్దనుకోవడం వేరు.

1947 డిసెంబరులో బ్రాడ్‌వేలో ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్ మొదలైనప్పుడు ఆయన వయసు 23. స్టాన్లీ కొవాల్‌స్కీ పాత్ర. దాదాపు ఏడాదిన్నర పాటు ఆ వేషం వేశాడు. అక్కడ అట్టలు పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. 1953 జూలియస్ సీజర్‌లో మార్క్ ఆంటోనీ వేశాడు, అదీ షేక్‌స్పియర్ భాషలో, శవం ముందు నిలబడి జనాన్ని రెచ్చగొట్టే ఆ పెద్ద ప్రసంగంతో సహా. "వీడు గొణుక్కునేవాడు, షేక్‌స్పియర్ ఏం చెబుతాడు" అని ముందే నవ్విన వాళ్ళు తర్వాత నోరు మూసుకున్నారు. అదే సినిమాలో కాసియస్‌గా వేసిన జాన్ గీల్‌గుడ్ ఆ మాటలు పలకడంలో సాయం చేశాడు. ఆ తర్వాత నాటకాల్లోకి రమ్మని పిలిచాడు కూడా.

1951 నుంచి 1954 దాకా వరసగా నాలుగేళ్ళ సినిమాలకి ఉత్తమ నటుడి ఆస్కార్ నామినేషన్లు. నాలుగోది గెలిచాడు. ఇదంతా కష్టపడనివాడికి వచ్చేది కాదు. మొదటి సినిమా ది మెన్ (1950) కోసం నడుము కింద చచ్చుబడిన మాజీ సైనికుల ఆసుపత్రిలో వాళ్ళతో పాటే చక్రాల కుర్చీలో వారాల పాటు ఉన్నాడు.

చీటీలకి ఆయన చెప్పుకున్న కారణం ఇది: మామూలుగా మాట్లాడేటప్పుడు తర్వాత ఏం అంటామో మనకే తెలియదు, వెతుక్కుంటూ అంటాం. ముందే బట్టీ పట్టేస్తే ఆ వెతుకులాట మొహంలోంచి పోతుంది.

ఇంటర్వెల్_సమోసా:
అదే మెథడ్ యాక్టింగ్ కదా బ్రో. లీ స్ట్రాస్‌బర్గ్ నేర్పింది. నోట్లో దూది కుక్కుకుని సినిమా అంతా చేశాడు, అది చాలు నాకు.

పాతరీలు:
రెండూ కాదు తమ్ముడూ. ఆయన గురువు స్టెల్లా ఆడ్లర్. స్ట్రాస్‌బర్గ్ తన పేరు చెప్పుకుని గొప్ప తెచ్చుకున్నాడని బ్రాండో తన ఆత్మకథలో గట్టిగానే విసుక్కున్నాడు. ఇద్దరి దారులూ వేరు. స్ట్రాస్‌బర్గ్ నటుణ్ణి తన సొంత జ్ఞాపకాల్లోకి వెళ్ళి ఏడుపో కోపమో తవ్వి తెచ్చుకోమనేవాడు. ఆడ్లర్ 1934లో పారిస్‌లో రష్యన్ నాటక గురువు స్టానిస్లావ్‌స్కీని స్వయంగా కలిసి వచ్చాక అది పక్కన పెట్టి, పాత్ర ఉన్న పరిస్థితిని ఊహించమనేది. చేతిలో ఉన్న వస్తువు, వేసుకున్న బట్ట, ఎదుటి మనిషి చేసే పని, వీటిని పట్టుకోమనేది.

దూది సంగతి: స్క్రీన్ టెస్టులో బుగ్గల్లో ఏదో కుక్కుకున్న మాట నిజం. గాడ్‌ఫాదర్ తీసిన స్టూడియో పారమౌంట్ వాళ్ళు ఆయన వద్దంటున్నారు, దర్శకుడు కొప్పోలా ఆ టెస్టు చూపించే ఒప్పించాడు. సినిమాలో మాత్రం పంటి డాక్టరు చేసిచ్చిన పళ్ళ సెట్టు వాడాడు. ముసలి డాన్‌గా చేసేనాటికి ఆయనకి 47 ఏళ్ళు.

క్లాప్‌బోర్డు:
నేను హైదరాబాద్‌లో అసిస్టెంట్ డైరెక్టర్‌ని. ప్రాంప్టింగ్ నా రోజువారీ పని కాబట్టి రెండు ముక్కలు చెబుతాను.

మన దగ్గర ప్రాంప్టింగ్ లేని సెట్ దొరకడం కష్టం. డబ్బింగ్ తర్వాత చెప్పుకుంటాం కాబట్టి షాట్ నడుస్తుండగానే నేను పక్కన నిలబడి గట్టిగా అరుస్తాను, ఆర్టిస్టు వెనకే అంటారు. పరభాష ఆర్టిస్టులకి ఇది లేకపోతే షూటింగే జరగదు. హాలీవుడ్‌లో ఎక్కువగా సెట్టు మీద రికార్డయిన గొంతునే వాడతారు, నాలాంటివాడు అరిస్తే టేక్ పాడవుతుంది. అందుకని అట్టలు. చివరి రోజుల్లో బ్రాండో చెవిలో చిన్న ఇయర్‌పీస్ పెట్టుకుని అసిస్టెంటు చేత చదివించుకున్నాడు. అంటే నా పనే, కాస్త ఖరీదైన పద్ధతిలో.

ఇక అసలు విషయం, కళ్ళు. చీటీ చదివేవాడి కళ్ళు ఎడమ నుంచి కుడికి పాకుతాయి. ఎడిటింగ్ టేబుల్ మీద అది క్షణంలో దొరికిపోతుంది. గాడ్‌ఫాదర్‌లో ఎన్నిసార్లు వెతికినా నాకు దొరకలేదు. మాట కోసం పైకి చూస్తాడు, గడ్డం రాసుకుంటాడు, మొదటి సీనులో అయితే ఒళ్ళో పిల్లిని నిమురుతాడు. ఆ పిల్లి స్టూడియోలో తిరుగుతుంటే తెచ్చి ఇచ్చినదట, దాని గురగురకి కొన్ని డైలాగులు సరిగ్గా వినిపించక సౌండ్ వాళ్ళు తలలు పట్టుకున్నారు. ఆయన చూపు అట్ట మీద ఉందో ఆలోచనలో ఉందో మీరు చెప్పలేరు. పేపరు చూడటం ఎవడైనా చేస్తాడు. చూస్తున్నట్టు కనపడకుండా చూడటం నేర్చుకోవాల్సిన పనే.

సైడ్‌వింగ్:
అంటే దొరకనంతవరకూ దొంగ కాదంటారా?

క్లాప్‌బోర్డు:
సినిమా అంటేనే అది కదండీ. మీరు చెప్పిన టాక్సీ సీనులో కారు వెనక అద్దానికి కర్టెన్ పట్టీలు ఎందుకున్నాయో తెలుసా? వెనక వీధి కదులుతున్నట్టు చూపించే ఏర్పాటు నిర్మాత చేయించలేదు. అద్దంలోంచి ఏమీ కనపడకుండా దర్శకుడు కజాన్ పట్టీలతో మూసేశాడు. ఎవరైనా దాన్ని మోసం అన్నారా?

నేలటిక్కెట్టు:
క్లాప్‌బోర్డు గారి మాట గాడ్‌ఫాదర్‌కి సరిపోతుంది. అపోకలిప్స్ నౌ సినిమాకి? 1976లో ఫిలిప్పీన్స్‌లో దిగేసరికి విపరీతంగా లావెక్కి ఉన్నాడు. స్క్రిప్టుకి ఆధారమైన నవల చదివి రమ్మంటే చదవకుండా వచ్చాడు. యూనిట్ మొత్తం ఆగి ఉంటే రోజుల తరబడి కొప్పోలాతో చర్చలు. చివరికి నల్లబట్టలు వేసి, గుండుని చీకట్లో పెట్టి తీశారు. ఇక్కడ మహత్యం నటుడిదా, కెమెరామన్ విటోరియో స్టొరారోదా?

గవ్వలగట్టు:
మీరంతా అట్టల దగ్గరే ఆగిపోయారు. లాస్ట్ టాంగో పేరు మొదటి పోస్టులోనే వచ్చింది, కానీ చీటీల లెక్కలో వచ్చింది. అందులో మరియా ష్నైడర్‌కి 19 ఏళ్ళు, బ్రాండోకి 47. వెన్నతో తీసిన ఆ బలాత్కారపు సీను సంగతి తెలిసిందే. వెన్న ఆలోచన ఆ ఉదయం దర్శకుడు బెర్టొలూచీ, బ్రాండో కలిసి చేసింది. ఆమెకి కావాలనే ముందు చెప్పలేదని, నటిలా కాకుండా అమ్మాయిలా ఆమె అవమానపడటం తనకి కావాలనిపించిందని బెర్టొలూచీయే 2013లో చెప్పాడు. చేసింది నటనే అయినా తన కన్నీళ్ళు నిజమని, ఇద్దరూ తనని కొంత బలాత్కరించినట్టే అనిపించిందని ఆమె 2007లో చెప్పుకుంది. 2011లో పోయింది. ప్రపంచానికి కోపం వచ్చింది మాత్రం 2016లో, ఆ మగాయన మాట్లాడిన వీడియో మళ్ళీ బయటికి వచ్చాక.

మోడరేటర్:
అంశం చీటీలు, నటన. దయచేసి దారి తప్పించకండి. వ్యక్తిగత జీవితం మీద వేరే చర్చ పెట్టుకోవచ్చు.

గవ్వలగట్టు:
మోడరేటర్ గారూ, ఇది వ్యక్తిగత జీవితం కాదు, సెట్టు మీద జరిగిన పని. అంశం కూడా ఇదే. పాతరీలు గారు చెప్పిన సిద్ధాంతం చూడండి: ముందే తెలిస్తే నిజం పోతుంది, అప్పటికప్పుడు పుట్టాలి. బాగుంది. ఆ "అప్పటికప్పుడు"కి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? డువాల్ నవ్వుతూ అట్ట పట్టుకున్నాడు, ఆయన చిన్న నటుడేమీ కాదు, స్నేహితుడు. స్టైగర్ ఖాళీ చోటుతో మాట్లాడాడు. ష్నైడర్‌కి అయితే ఏం చేయబోతున్నారో పూర్తిగా చెప్పనే లేదు. ఎదుటి మనిషి ఎంత బలహీనురాలైతే అంత ఎక్కువ చెల్లించింది. బ్రాండో తన డైలాగు తను దాచుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఎదుటివాళ్ళ సీను వాళ్ళకి తెలియకుండా దాచడం దగ్గరే నా పేచీ.

పాతరీలు:
ఇందులో కాదనడానికి ఏమీ లేదు. ఒకటి మాత్రం చేర్చాలి. ఆ సినిమాలో తనని కూడా వాడుకున్నారని, లోపలిదంతా లాగేశారని బ్రాండో అనుకున్నాడు. బెర్టొలూచీతో ఏళ్ళ తరబడి మాట్లాడలేదు.

అయితే గవ్వలగట్టు గారూ, ఎదుటి నటుడికి ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. వాటర్‌ఫ్రంట్‌లోనే పార్కు సీను. ఇవా మేరీ సెయింట్ రిహార్సల్‌లో చేతి తొడుగు జారవిడిచింది. మామూలు నటుడైతే తీసి ఇచ్చేస్తాడు. బ్రాండో తీసి, దుమ్ము దులిపి, ఊయల మీద కూర్చుని తన చేతికి తొడుక్కున్నాడు. ఆమె వెళ్ళిపోవాలనుకుంటోంది, తొడుగు ఆయన దగ్గరుంది కాబట్టి వెళ్ళలేదు. స్క్రిప్టులో లేని ఆ పనితో సీను ఇద్దరిదీ అయింది. ఆ ఏడాది ఆయనతో పాటు ఆమెకీ ఆస్కార్ వచ్చింది.

ఇంటర్వెల్_సమోసా:
ఆస్కార్ అంటే గుర్తొచ్చింది, గాడ్‌ఫాదర్‌కి వచ్చిన రెండోది వద్దన్నాడుగా! 1973లో సషీన్ లిటిల్‌ఫెదర్ అనే అమ్మాయిని స్టేజీ మీదికి పంపి, సినిమాల్లో అమెరికా ఆదివాసీలని చూపించే తీరుకి నిరసన అన్నాడు. మన ఆర్జీవీ సర్కార్ సినిమాని గాడ్‌ఫాదర్‌కి నివాళి అని ముందే చెప్పేసి తీశాడు. ఇంత ప్రభావం ఉన్నవాణ్ణి పట్టుకుని చీటీలంటారేంటి బాబూ.

నేలటిక్కెట్టు:
నిరసనకి నా నమస్కారం. కానీ అక్కడా గవ్వలగట్టు గారి లెక్కే. హాల్లో ఈలలు, హేళన పడింది ఆ అమ్మాయి. ఆయన ఇంట్లో ఉన్నాడు. అకాడమీ ఆమెకి క్షమాపణ చెప్పడానికి 2022 దాకా పట్టింది.

క్లాప్‌బోర్డు:
ఇంకో చివర కూడా చూడండి. 1989లో ఎ డ్రై వైట్ సీజన్. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష మీద, యూజాన్ పాల్సీ అనే నల్లజాతి దర్శకురాలు తీసింది. అప్పటికి తొమ్మిదేళ్ళుగా ఆయన సినిమాల్లో లేడు. యూనియన్ కనీస వేతనానికి వచ్చి లాయరు వేషం వేశాడు. చిన్న పాత్రే, ఆస్కార్ నామినేషన్ వచ్చింది. సూపర్‌మ్యాన్‌కి లక్షలు పిండినవాడూ ఈయనే. పని నచ్చితే డబ్బు అడగడు, నచ్చకపోతే డబ్బు తప్ప ఇంకేమీ అడగడు.

సైడ్‌వింగ్:
మంచి మాట. అయినా నా ఓటు మారలేదు. ఆయన చివరిసారి నాటకం వేసింది 1953 వేసవిలో, బెర్నార్డ్ షా రాసిన ఆర్మ్స్ అండ్ ది మ్యాన్. గీల్‌గుడ్ పిలిచినా పోలేదు. అప్పటికి 29 ఏళ్ళు, ఆ తర్వాత 2004లో పోయేదాకా అర్ధశతాబ్దం పాటు స్టేజీ ఎక్కలేదు. క్లాప్‌బోర్డు గారు ఎడిటింగ్ టేబుల్ మీద దొరకలేదన్నారు. మా దగ్గర ఎడిటింగ్ టేబుల్ ఉండదు.

గవ్వలగట్టు:
ఉండదు సరే, కానీ మీ దగ్గర తెర వెనక అందించేవాడు ఉంటాడని మీరే మొదట్లో రాశారు :) ఆయన పేరు కరపత్రంలో వేస్తారా?

సైడ్‌వింగ్:
వేస్తాం. చివరి పేజీలో, హార్మోనియం కింద.