బెల్లం ముక్క ఊపిరితిత్తుల్లో దుమ్ము దించుతుందా?

వన్‌టౌన్ అమ్మాయి: మేడ మీద వడియాలు ఆరబెడితే సాయంత్రానికి వాటి మీద నల్లటి పొడి. బొగ్గుదో, లారీల పొగదో, అది వేరే తగువు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం వారి గాలి బాగోలేని ఊళ్ల జాబితాలో విశాఖ కూడా ఉంది కాబట్టి ఇది నా చాదస్తం మాత్రం కాదు. మా అమ్మ రోజూ భోజనం కాగానే అనకాపల్లి బెల్లం ముక్క చేతిలో పెట్టి "దుమ్మంతా దిగిపోద్ది" అంటుంది. నాన్నకి షుగరు, ఆయనకీ పెడుతోంది. ఇది నిజంగా పనిచేస్తుందా?

గాజువాక మాస్టారు: పనిచేస్తుందమ్మా. మా నాన్నగారు ముప్ఫై ఏళ్లు బొగ్గు యార్డులో చేశారు, బెల్లం తినని రోజు లేదు, దగ్గు ఎరగరు. 1994లో లక్నో పరిశోధకులు కూడా ఎలుకల ఊపిరితిత్తుల్లోకి బొగ్గు, సిలికా ధూళి ఎక్కించి, బెల్లం పెట్టి చూశారు. బెల్లం తిన్నవాటిలో ధూళి ఎక్కువగా కదిలింది.

ఎంవీపీ లెక్కలమ్మ: కదిలి ఎక్కడికి పోయింది మాస్టారూ? లింఫ్ గ్రంథుల్లోకి. అంటే ఒంట్లోనే ఉంది! పైగా ఆ ఎలుకకి రోజుకి అర గ్రాము, వారానికి 5 రోజులు, 90 రోజులు పెట్టారు. ఎలుక 200 గ్రాములనుకుంటే, ఉత్త బరువు లెక్కన 60 కిలోల మనిషికి 150 గ్రాములు. అంత బెల్లం తింటే దుమ్ము సంగతి దేవుడెరుగు, షుగరు మాత్రం ఖాయం. మీ నాన్నగారి సంగతంటారా, దగ్గొచ్చిన ఆయన తోటివాళ్లు కూడా బెల్లం తినే ఉంటారు కదా.

ఇంకో మాట. వడియాల మీద కంటికి కనిపించే పొడి చాలావరకు ముక్కులోనే, గొంతులోనే ఆగి కళ్లెతో వచ్చేస్తుంది. లోపలి గాలి తిత్తుల దాకా పోయేది 2.5 మైక్రాన్లకి లోపు ఉండేది, అది మనకి కనపడదు. అది వంటింట్లోనూ పుడుతుంది. తలుపులు బిగించి చేపలు వేయించడం మానకుండా బెల్లం గురించి కొట్టుకుంటున్నాం.

సీతమ్మధార కుర్రాడు: తిండితో అసలేం కాదనకండి. 2014లో అచ్చయిన ఒక చైనా అధ్యయనంలో, బ్రకోలీ మొలకల పానీయం రోజూ తాగినవాళ్ల మూత్రంలో బెంజీన్ (పొగలో ఉండే విష రసాయనం) విసర్జన 61 శాతం పెరిగింది.

ఎంవీపీ లెక్కలమ్మ: ఒప్పుకుంటా బాబూ. కానీ అది బెంజీన్, దుమ్ము కాదు. బ్రకోలీ, బెల్లం కాదు.

గాజువాక మాస్టారు: నేను చిన్న ముక్కే తింటాను. మానను.

వన్‌టౌన్ అమ్మాయి: నాన్న ముక్క ఆపించాను. అమ్మ తనది వదలనంది. ఈసారి వడియాలు మధురవాడలో పిన్ని వాళ్ల మేడ మీద పెడతారట.