మూడు గదుల ఇంట్లో బోర్డర్ కోలీని పెంచవచ్చా?

మూడుగదులు:
బోర్డర్ కోలీ జాతి కుక్కపిల్లను తెచ్చుకోవాలని ఏడాదిగా అనుకుంటున్నాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. నేను వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని చేస్తాను. పాపకు ఐదేళ్లు. అపార్ట్‌మెంట్, పెరడు లేదు, పక్కనే పార్కు ఉంది. రోజుకు రెండు గంటలు కచ్చితంగా తిప్పగలం. కొందరు అది చాలంటున్నారు. కొందరేమో ఆ కుక్కకు అన్యాయం చేసినట్టే అంటున్నారు. పెంచినవాళ్లు చెప్పండి.

గొర్రెలమంద:
నా మాటైతే వద్దు. నేను గొర్రెల దగ్గర వీటితోనే పని చేస్తాను. ఈ జాతి ఎలా తయారైందో ముందు తెలుసుకోండి. ఇప్పుడున్న బోర్డర్ కోలీల్లో దాదాపు అన్నిటి వంశమూ 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే మగకుక్క దాకా వెళ్తుంది. అది మొరగకుండా, మీద పడకుండా, చూపుతోనే గొర్రెలను కదిలించేదని పేరు. ఆ చూపు కోసమే తరతరాలుగా వీటిని ఎంచి జత కట్టించారు.

వేటాడే జంతువు ముందు గురిపెట్టి చూస్తుంది, నక్కుతూ వెళ్తుంది, తరుముతుంది, పట్టుకుంటుంది, చంపుతుంది. వీటిలో మొదటి మూడూ బలపడేలా, చివరి రెండూ తగ్గేలా మనుషులు చేశారు. గొర్రెలు లేని ఇంట్లో ఆ మూడూ ఎక్కడికి పోతాయి? సైకిళ్ల మీదికి, కార్ల మీదికి, పరుగెత్తే మీ పాప మీదికి. కోపంతో కాదు, మళ్లించాలని మడమ దగ్గర చిన్నగా కొరుకుతుంది. ఐదేళ్ల పిల్లకు ఆ తేడా తెలియదు, భయపడుతుంది.

పొద్దుననడక:
నేను ఒప్పుకోను. రెండు గదుల ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఒక కోలీని పెంచుతున్నాను. పెరడు ఉంటే సరిపోతుందనేది పెద్ద అపోహ. పెరట్లో ఒంటరిగా వదిలేసిన కోలీ కంచె వెంబడి అటూ ఇటూ పరుగెత్తుతూ, దారిన పోయే ప్రతిదాన్నీ చూసి మొరుగుతూ ఉంటుంది. దానికి కావాల్సింది మనిషి.

మొదటి ఏడాది నేనూ తప్పు చేశాను. అలసిపోతే పడుకుంటుందని రోజూ గంటల తరబడి బంతి విసిరాను. అది అలసిపోలేదు, దమ్ము పెరిగింది. మర్నాడు ఇంకా ఎక్కువ కావాలనేది. తర్వాత శిక్షకురాలు బంతి తగ్గించి, చాప వేసి దాని మీద ఊరికే పడుకోవడం నేర్పించమంది. నాకు వింతగా అనిపించింది. పని లేనప్పుడు ఊరుకోవడం ఈ కుక్కలకు నేర్పితేనే వస్తుంది. ఇప్పుడు పొద్దున ఒక నడక, సాయంత్రం ఒక నడక, మధ్యలో ఇంట్లో దాచిన వస్తువును వాసనతో వెతికే ఆట పావుగంట. ఆ పావుగంట తర్వాత హాయిగా నిద్రపోతుంది. ఛేజర్ అనే బోర్డర్ కోలీ 1,022 బొమ్మల పేర్లు నేర్చుకుందని 2011లో పరిశోధకులు ప్రచురించారు. అంత బుర్రకు బంతి ఒక్కటే ఇస్తే ఏం సరిపోతుంది?

గొర్రెలమంద:
జాగా విషయంలో మీరన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ మీరు రోజంతా ఇంట్లో ఉంటారా? అడిగినవారి ఇంట్లో వారానికి రెండు రోజులు ఎవరూ ఉండరు. ఆరో నెల నుంచి ఏడాదిన్నర దాకా, ఆ కుర్రవయసులో అది ఏం చేస్తుందో మీకూ గుర్తుండే ఉంటుంది.

తిరిగిఇచ్చాం:
మేము మాదాన్ని 14 నెలలప్పుడు వేరే ఇంటికి ఇచ్చేశాం. ఈ మాట రాయడం ఇప్పటికీ కష్టంగా ఉంది. మేమూ రెండు గంటలు తిప్పేవాళ్లం, ఒక్కరోజూ మానలేదు. ఇంట్లో సరదాగా లేజర్ వెలుగుతో ఆడించాం. దొరకని వెలుగు వెంట పడీ పడీ, తర్వాత గోడ మీద నీడ కదిలినా దానికి టెన్షనే. తిండి మానేసి గోడనే చూస్తూ కూర్చునేది. దయచేసి ఎవరూ లేజర్‌తో ఆడించకండి. మా బాబు పరుగెత్తినప్పుడల్లా చుట్టూ తిరిగి మూలకు తోలేది. వాడు ఇంట్లో నడవడానికే భయపడ్డాడు. మాది చెడ్డ కుక్క కాదు. ఇప్పుడున్న ఇంట్లో పిల్లలు లేరు, రోజంతా మనిషి తోడుంటాడు. బాగుందని ఫొటోలు పంపుతుంటారు.

పశువైద్యం:
ఒక్క మాట. కోలీ రకాల కుక్కల్లో, ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతి కుక్కల్లో కొన్నిటికి ఎమ్‌డీఆర్1 అనే జన్యువులో లోపం ఉంటుంది. అలాంటివాటికి ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు మోతాదు ఎక్కువైతే ప్రాణాల మీదికి వస్తుంది. ఏ కుక్కను తెచ్చినా ఆ పరీక్ష చేయించండి, పురుగుల మందు సొంతంగా వేయకండి.

మూడుగదులు:
అందరికీ కృతజ్ఞతలు. రాత్రి ఇద్దరం కూర్చుని ఇవన్నీ చదివాం. కుక్కపిల్లను ఇప్పుడు తీసుకురావడం లేదు. ఎవరూ ఉండని ఆ రెండు రోజులకు మా దగ్గర జవాబు లేదు. మూడు నాలుగేళ్ల వయసుది, పిల్లలున్న ఇంట్లో అలవాటైనది షెల్టర్‌లో దొరికితే నెల రోజులు ఉంచుకుని చూస్తాం. అది ఏ జాతిదైనా సరే.

గొర్రెలమంద:
అయితే చూడటానికి పాపను కూడా తీసుకెళ్లండి. దాని ముందు పాపను కాస్త పరుగెత్తమనండి, తాడు మీ చేతిలోనే ఉంచుకోండి. తల దించి, కదలకుండా, కన్నార్పకుండా చూస్తుందా, లేక తోక ఊపి తన దారిన తాను పోతుందా, అది గమనించి ఇక్కడ రాయండి.